తలుపులో సముద్రం

నా చిన్నప్పుడు మా ఇంటి దూలానికి ఒక మూట వేలాడుతూ ఉండేది. పాత పంచె గుడ్డలో కట్టిన చిన్న మూట. లోపల ఒక తువ్వాలు, ఒక ఇత్తడి చెంబు, వలలు బాగుచేసే దబ్బనం, ఇంకా మాకు తెలియనివి ఏవో ఉండేవి. అది మా తాతయ్యది. ఇంట్లో మేమందరం మాటకి మాట అప్పజెప్పే రకం. తాతయ్య మాత్రం మాట పడాల్సి వస్తే ఆ మూటకేసి చూసేవాడు. అంతే, మా నోళ్లు మూతపడేవి.

తాతయ్య సముద్రం మనిషి. రుషికొండ దాటాక ఒడ్డు మీద చిన్న పల్లె మాది. ఇప్పుడు ఆ దారంతా కంప్యూటరు ఆఫీసులూ హోటళ్లూ. అప్పట్లో సరుగుడు తోటలూ, ఇసక మీద ఆరబెట్టిన వలలూ తప్ప ఏమీ ఉండేవి కావు. కళ్లకి పొరలు కమ్మి అల ఎక్కడ లేస్తోందో ఆయనకి కానరాకుండా పోయింది. ఆ తర్వాత మా నాయనమ్మ కూడా పోయింది. అప్పుడు మా నాన్న ఆయన్ని కంచరపాలెం తీసుకొచ్చేశాడు. రైలు పట్టాల పక్కన రెండు గదుల ఇల్లు మాది. అలల హోరుకి బదులు గూడ్సు బళ్ల హోరు. తాతయ్య వచ్చిన రోజే ఒక షరతు పెట్టాడు.

"నా సేతిలో పనున్నన్నాల్లూ ఉంటాను. తినీసి కూకోడమే అయిపోయిందనుకో, ఆ పొద్దే మూట దించీసుకుంటాను."

ఊరికే అనే మనిషి కాదాయన. ఒకసారి, పెరట్లో అమ్మ ఎండబెట్టిన గుమ్మడి వడియాల మీద నుంచి చూసుకోకుండా నడిచిపోయాడు. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే ఆయనకి ఇంకా కష్టమైనట్టుంది. ఎండ చల్లబడకముందే మూట చంకన పెట్టుకుని బయల్దేరాడు. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి అడ్డం వచ్చి ఆగిపోబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా నాన్న పరుగెత్తినా అందేవాడు కాదు. ఆ గేటు పడినప్పుడల్లా పేటలో అందరూ తిట్టుకునేవాళ్లు. మా ఇంట్లో మాత్రం దానికి లోలోపల దణ్ణం పెట్టుకునేవాళ్లం. కళ్లు కనిపించని మనిషి, ఖాళీ గుడిసె, ముందు సముద్రం. ఆయన ఒక్కడూ తిరిగి ఆ పల్లెకి పోతే ఏమవుతుందో ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

ఇదంతా ఇప్పుడు గుర్తు రావడానికి కారణం ఒక కారు. మా నాన్న నడిపిన పాత కారు గోపాలపట్నంలో మా పెరట్లో టార్పాలిన్ కప్పుకుని చాలా ఏళ్లుగా నిద్రపోతోంది. మా మనవరాలు దాన్ని లేపాలని పట్టుబట్టింది. వారమంతా రుషికొండలో కంప్యూటరు ముందు ఆసనం, శని ఆదివారాలు మా పెరట్లో కారు కింద శయనం. తుప్పుని ఉన్నచోటే బంధించేస్తుందట, అలాంటి నల్లరంగు డబ్బా ఒకటి తెప్పించింది. ఆ డబ్బా సంగతి చివర్లో చెప్తాను. దాని వల్ల నా పరువు కూడా కొంచెం పోయింది కాబట్టి, చెప్పడానికి తొందరేమీ లేదు.

ఆ రోజుల్లో మా నాన్న బీచి రోడ్డులో ఒక డాక్టరుగారికి డ్రైవరు. వాళ్లు కొత్త కారు కొనుక్కుని పాతదాన్ని షెడ్డులో వదిలేశారు. సముద్రానికి ఎదురుగా షెడ్డు, దానికి తలుపులు లేవు. ఇంకేముంది, ఉప్పుగాలి వచ్చి తీరిగ్గా కూర్చుని భోంచేసింది. "బాగుచేసుకోగలిగితే పట్టుకుపో, నీదే" అన్నారు డాక్టరుగారు. మా నాన్నకి అంతకంటే ఏం కావాలి! స్టేషను దగ్గర సొంత టాక్సీ పెట్టాలని ఆయన పెళ్లికి ముందు నుంచీ కలలు కంటున్నాడని మా అమ్మ చెప్పేది. లారీ వెనక తాడు కట్టి లాక్కొచ్చారు. వీధి వీధంతా చూడ్డానికి వచ్చింది. వెనక సీట్లో కూర్చుంటే కాళ్ల సందులోంచి రోడ్డు కనిపించేది. నాకైతే అది సౌకర్యంగానే తోచింది. ఉమ్మెయ్యడానికి కిటికీ దాకా పోనక్కర్లేదు.

తాతయ్య దాని చుట్టూ చేతులతో తిరిగాడు. ఆయన కళ్లు ఏనాడో వేళ్లలోకి దిగిపోయాయి. బానెట్టు, రెక్కలు, తలుపులు, కింద అడుగు, అన్నీ తడిమి, గోటితో గీరి, గీరింది నాలిక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"ఓలమ్మ, ఉప్పు దీన్ని బాగా తినీసిందిరా. ముందు దీనికి మంచినీల్ల తానం సేయించాల. ఉప్పు మీద రంగేస్తే అడుగునుంచి మల్లీ తినీత్తాది."

ఆ మాటతో ఆయనకి పని దొరికింది. మాకు తాతయ్య దొరికాడు. వీధి కుళాయి నీళ్లు బిందెలతో మోసి మా అమ్మ నడుం పట్టేసింది గానీ, ఆ నొప్పి గురించి ఆవిడ సంతోషంగానే చెప్పుకునేది. చిన్న సుత్తితో తాతయ్య కారుని తట్టుకుంటూ కూర్చునేవాడు. తట్టగానే రాలిపోయే తుప్పుని రాల్చేవాడు. ఎంత తట్టినా రాలకుండా ఇనుముని పట్టుకుని ఉన్నదాన్ని వదిలేసేవాడు. "పట్టుకునున్నదాన్ని పట్టుకోనీ, రంగుక్కూడా పట్టుకోడానికి ఓ సెయ్యి కావాల గదా" అనేవాడు. నాన్న గోపాలపట్నంలో ఒక షెడ్డుకి తీసుకెళ్లి అడుగున రేకు ముక్కలు వెల్డింగు చేయించాడు. ఇక మిగిలింది తుప్పు పట్టకుండా రెడాక్సైడు అనే ఎర్రపూత వెయ్యడం, ఆ పైన నల్లరంగు.

సరిగ్గా అప్పుడే డాక్టరుగారి కుటుంబం తీర్థయాత్రకి బయల్దేరింది. నాన్న వాళ్లని తీసుకుని వెళ్లాలి. వెళ్తూ వెళ్తూ, తాతయ్య ముందు రెడాక్సైడు డబ్బా పెట్టి, "అయ్యా, అడుగంతా నీదే. నానొచ్చేసరికి సుక్క నీరు దూరకూడదు" అని చెప్పాడు. మా నాన్న తాతయ్యని 'అయ్యా' అనేవాడు.

సుక్క నీరు దూరకూడదు. పుట్టిందగ్గర్నించీ నావ నడిపిన మనిషికి ఆ మాట వేరే విధంగా వినిపిస్తుందని ఆ క్షణాన ఎవరికీ తట్టలేదు.

ఆ రోజుల్లో తాతయ్యని చూడాలి. పొద్దున్నే పంచె ఎగ్గట్టి కారు కిందకి దూరితే, భోజనానికి అమ్మ కాళ్లు పట్టి లాగాల్సిందే. చెయ్యి దూరని చోట్లకి కొబ్బరి పీచు కుంచె, అదీ దూరని చోట్లకి కోడి ఈక. మోచేతుల దాకా ఎర్రగా, ఏదో జాతరలో పూనకం వచ్చినవాడిలా ఉండేవాడు. కూరలో ఉప్పు చాల్లేదని అమ్మతో గొడవ కూడా పెట్టుకున్నాడు. ఆ గొడవకి అమ్మ ఎంత మురిసిపోయిందో! గొడవ పడేవాడు వెళ్లిపోడు కదా. దూలం మీద మూటకి సాలీడు గూడు అల్లింది. ఇల్లంతా బూజు దులిపే మా అమ్మ ఆ ఒక్క గూటి జోలికి మాత్రం పోలేదు.

ఒక మధ్యాహ్నం తలుపు అడుగు అంచు తడుముతూ ఆయన ఒక్కసారిగా ఆగిపోయాడు.

"ఓలె గుంటా, ఇలా రాయె! ఈల్ల దుంపతెగ, అడుగున కన్నాలొగ్గీసినారే!"

నేను వంగి చూశాను. తలుపు కింది అంచున చిటికెన వేలు పట్టేంత చిన్న కన్నాలు. ఒక్క తలుపుకి కాదు, నాలుగింటికీ. అడుగున కన్నం ఉందంటే నావ మనిషికి ఒంటిమీద జెర్రి పాకినట్టే. ఆయన వెంటనే అమ్మ పొయ్యి ఖాళీ చేయించి, గుగ్గిలం నూరి, నూనెలో కాచి, దూది వత్తులు అందులో ముంచాడు. నావ చెక్కల సందులు మూసే పద్ధతి అది. ఒక్కో వత్తినీ కన్నంలో కూరి, మేకు తలతో దిమ్మిసా కొట్టినట్టు కొట్టి, ఆ పైన పొర మీద పొర రెడాక్సైడు పట్టించాడు. ఇల్లంతా గుగ్గిలం వాసన. "కారుకి అప్పుడే పూజ మొదలెట్టేసినాడేటి మీ తాత!" అంది అమ్మ. మా కారు సముద్రంలో వదిలినా మునగదని నేను వీధిలో ఇంటింటికీ వెళ్లి చెప్పి వచ్చాను. ఇంట్లో సంగతులు వీధికీ, వీధి సంగతులు ఇంటికీ చేరవెయ్యడం నా పని. మా అమ్మ నన్ను గూడ్సు బండి అనేది. ఏ సరుకూ తనకోసం ఉంచుకోదు, అన్నీ దించేసి పోతుందని.

నాన్న తిరిగొచ్చి, కారు కింద పడుకుని చూసి, లేచి తాతయ్య భుజం మీద చెయ్యి వేశాడు. అంతకంటే ఎక్కువ మెచ్చుకోవడం మా ఇంట్లో అలవాటు లేదు. అడుగంతా ఒకటే ఎరుపు కావడంతో ఎక్కడ ఏం మూసి ఉందో ఆయనకి తెలిసే వీల్లేకపోయింది. పైన నల్లరంగు వేయించాడు. కొత్త నావకి పెట్టినట్టే తాతయ్య కారు ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాడు. ఇక స్టేషనుకి మంచి రోజు చూసుకోవడమే తరువాయి అనగా, అల్పపీడనం పట్టుకుని వాన మొదలైంది. వదలకుండా కురిసింది. కారు వీధిలోనే, వానలోనే ఉంది. చుక్క నీరు దూరదని మాకు ధీమా.

తెరిపిచ్చిన రోజు పొద్దున్న నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను అందరికంటే ముందు పరుగెత్తి వెనక తలుపు తీసుకుని ఎక్కి, టాక్సీ ఎక్కిన దొరసానిలా తలుపు ధనామని లాగాను. తలుపు లోపల గుడగుడమంది. మళ్లీ తీశాను. గుడగుడ. మళ్లీ వేశాను. గుడగుడగుడ.

"నాన్నా! తలుపులో సముద్రం ఉంది!"

నాన్న నవ్వాడు. తనూ ఒకసారి తలుపు వేసి చూశాడు. నవ్వు ఆగిపోయింది. డాక్టరుగారు రోగి వీపు మీద గొట్టం పెట్టినట్టు తలుపుకి చెవి ఆన్చాడు. మిగతా మూడు తలుపులకీ అలాగే. తర్వాత వంగి కింది అంచు వెంట వేలు నడిపాడు. కొత్త నల్లరంగు అప్పుడే అక్కడక్కడా అప్పడంలా పొంగుతోంది. పొంగిన చోట నొక్కితే ఎర్రటి చెమ్మ.

కిటికీ అద్దం పైకీ కిందకీ ఆడే సందు ఉంటుంది కదా, వాన నీరు ఆ సందులోంచి తలుపులోకి దిగుతుంది. దాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే కింద కన్నాలు పెడతారు, వచ్చిన నీరు వచ్చినట్టే పోవడానికి. ఇది నాకు తర్వాత తెలిసింది. నాన్నకి అప్పుడే తెలుసు. ఆయన మొహంలో రంగు మారడం చూశాను. ఎన్నాళ్ల కల! నాలుగు తలుపులూ లోపల్నించి కుళ్లిపోతున్నాయి. పళ్లు బిగించి అరుగు వైపు తిరిగాడు.

అరుగు మీద తాతయ్య కూర్చుని ఉన్నాడు. మా నవ్వులు ఆగిపోవడం వినిపించిందేమో, మొహం మావైపు ఎత్తి, "ఏటైందిరా? ఎల్లరేటి?" అన్నాడు.

నాకు జవాబు తెలుసు. ఆ వత్తులు ఒక్కొక్కటీ ఆయనకి అందించింది నేనే. గూడ్సు బండి బయల్దేరడానికి కూత పెట్టబోయింది. నా నోరు తెరుచుకోవడం చూసి మా అమ్మ గుమ్మంలోంచి వచ్చి ఇంత బెల్లం గడ్డ అందులో కుక్కింది. "నములు" అంది, పళ్ల మధ్యలోంచి. అంత తియ్యటి చెంపదెబ్బ నేను మళ్లీ తినలేదు.

నాన్న చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నాడు. తర్వాత ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లి తాతయ్య కాళ్ల దగ్గర మెట్టు మీద కూలబడ్డాడు.

"అయ్యా, నావలోకి నీరొచ్చీసిందనుకో. ఏటి సేత్తావు?"

"తోడి పోత్తాను. కొబ్బరి సిప్ప ఉంటాది గదా. నీకు తెలీదేటి?"

"తోడ్డానికి మనిసి పట్టని నావయితేనో?"

"అలాటి నావ ఎక్కడుందిరా!"

"మన వీదిలోనే ఉంది. తలుపులోకి పైనుంచి నీరు దిగిపోతంది. అద్దం ఆడాల గదా, ఆ సందు మూయలేం. లోపలికి సెయ్యి దూరదు. మరేటి సేద్దామంటావు? నువ్వోసారి సూడు."

నువ్వోసారి సూడు. తాతయ్యతో ఆ మాట అనడం అందరూ మానేసి చాలాకాలమైంది. ఆయన లేచి, గోడ పట్టుకుని దిగి, కారు దగ్గరికి వచ్చాడు. తలుపు ఊపి విన్నాడు. రేకు మీద అరచెయ్యి వేసి, పైనుంచి కిందకి మెల్లగా జార్చి, ఒకచోట ఆపాడు. "ఇక్కడి దాకా ఉంది నీరు. సల్లగుంది." అక్కణ్ణించి వేళ్లు కింది అంచుకి దిగాయి. తను కూరిన వత్తి దగ్గర ఆగిపోయాయి.

ఆ సమయానికే పట్టాల మీద గూడ్సు ఒకటి పోతోంది. అది పోయేదాకా ఆయన వేళ్లు అక్కణ్ణించి కదల్లేదు. నేను బెల్లం నమలడం మానేశాను.

తాతయ్య లేచి, తడుముకుంటూ ఇంట్లోకి వెళ్లాడు. పీట ఈడ్చిన చప్పుడైంది. తిరిగి వచ్చినప్పుడు చేతిలో మూట ఉంది.

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న లేచి నిలబడ్డాడు గానీ అడుగు వెయ్యలేకపోయాడు. నేను రైల్వే గేటు వైపు చూశాను. గూడ్సు వెళ్లిపోయింది, గేటు తెరిచే ఉంది.

తాతయ్య అరుగు మీద కూర్చుని మూట ముడి విప్పాడు. సాలీడు గూడు వేళ్లకి చుట్టుకుంటే దులుపుకున్నాడు. చెంబు పక్కన పెట్టాడు, తువ్వాలు పక్కన పెట్టాడు, అడుగున చెయ్యి పెట్టి దబ్బనం తీశాడు. దాన్ని పట్టుకుని తిన్నగా కారు దగ్గరికి వచ్చి, నేల మీద చతికిలబడి, తలుపు కింద ఒక్క పోటు పొడిచి మెలితిప్పి లాగాడు. వత్తి ఊడి వచ్చింది. వెనకాలే ఎర్రటి నీళ్లు ధారగా ఆయన కాళ్ల మీద పడ్డాయి. ఆయన కాళ్లు తీసుకోలేదు. ఒకటయ్యాక ఇంకొకటి. నాలుగు తలుపులూ ఖాళీ అయ్యేసరికి మా గుమ్మం ముందు చిన్న కాలవ కట్టింది.

"నాను నావనుకున్నానురా" అన్నాడు చివరికి. "ఇది నావ కాదు. తెప్ప."

తెప్ప అంటే దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో కట్టింది. దాని మీదకి అల ఎక్కుతుంది, దుంగల సందుల్లోంచి దిగిపోతుంది. నీరు వస్తుందని తెప్ప మనిషికి బెంగ లేదు, పోయే దారి ఉంటే చాలు. తాతయ్య కుర్రతనమంతా తెప్ప మీదే గడిచింది, నావ ఆ తర్వాత వచ్చింది. అంటే ఆయనకి తెలియంది ఏమీ లేదు. తెలిసినవి రెండూ ఒకదాని చోట ఒకటి కూర్చున్నాయి, అంతే.

"ఈ కన్నాలు ముందే ఉన్నాయిరా. నానే మూసీసినాను."

"సుక్క నీరు దూరకూడదని సెప్పింది నాను గదా! నావ నడిపినోడికి ఆ మాట సెప్పి ఊరెల్లిపోతే, కన్నం మూయక ఏటి సేత్తాడు? దానికి జోల పాడతాడేటి?" అన్నాడు నాన్న.

తాతయ్య భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. "అయితే కారన్నాక కారాల గదేటి మరి!" అన్నాడు. దాంతో మా అమ్మ కొంగు నోట్లోంచి ఊడింది, నా నోట్లో బెల్లం కూడా ఊడి పడింది. వీధంతా వినపడేలా నవ్వాం. స్టేషనుకి ఆ రోజు వెళ్లలేదు. ఎవరికీ ఆ సంగతే గుర్తు రాలేదు.

తలుపులు విప్పి ఎండలో పడేశారు. తాతయ్య మళ్లీ తట్టి, కడిగి, ఆరబెట్టి, లోపలంతా రెడాక్సైడు పట్టించాడు. ఈసారి ప్రతి కన్నంలోనూ ఒక చీపురు పుల్ల నిలబెట్టాడు. తడిరంగు జారి కన్నం పూడిపోకుండా మధ్యమధ్యలో ఒక్కో పుల్లనీ తిప్పుతూ కూర్చునేవాడు. కన్నం అంచులకి కూడా రంగు పట్టాలి, కన్నం మాత్రం కన్నంలాగే ఉండాలి. తలుపుల కింద పుల్లలు మొలిచి కారుకి గడ్డం వచ్చినట్టుండేది. మా అమ్మ చీపురుకేమో బట్టతల వచ్చింది.

కన్నాలు తెరిచిన రోజు సాయంత్రమే నేను నాన్నని పట్టుకున్నాను. తాతయ్యే మూశాడని నీకు తలుపు చూడగానే తెలిసిపోయింది కదా, మరి తెలియనట్టు ఎందుకు అడిగావని. నాన్న బీడీ వెలిగించుకుంటూ, "నానే ఆ వత్తి లాగీసుంటే నీల్లతోపాటు మీ తాత కూడా ఎల్లిపోయేవోడు" అన్నాడు. నాకు అప్పుడు సగమే అర్థమైంది.

విప్పిన మూట మళ్లీ కట్టలేదు. చెంబు వంటింట్లోకి చేరింది, తువ్వాలు దండెం ఎక్కింది. ఆ పంచె గుడ్డతో తాతయ్య రోజూ పొద్దున్న కారు తుడిచేవాడు. నాన్న టాక్సీ నడిపినన్నాళ్లూ, తన ఓపిక ఉన్నన్నాళ్లూ తుడిచాడు. ఆయన చివరి రోజులు కూడా మా ఇంట్లోనే, మా అందరి మధ్యనే గడిచాయి. అప్పటికి ఆ గుడ్డ చిల్లులు పడి దాదాపు వలలా అయిపోయింది.

నేను పెద్దయ్యాక బడిపంతులమ్మనయ్యాను. తప్పులు దిద్దడమే జీతంగా బతికాను. తుప్పుకీ తప్పుకీ కొమ్ము ఒక్కటే తేడా అని పిల్లల్ని నవ్వించేదాన్ని గానీ, ఎర్ర సిరా పట్టుకున్న ప్రతిసారీ నాకు నాన్న ఇస్త్రీ చొక్కాతో మెట్టు మీద కూలబడడమే గుర్తొచ్చేది. తప్పు నాకు ముందే తెలిసిపోయినా, తెలియనట్టు పక్కన కూర్చుని ఒక ప్రశ్న అడిగి, ఆ పిల్లే తన చేత్తో దాన్ని లాగేదాకా ఆగడం. ఆగలేక అరిచిన రోజులూ ఉన్నాయి. నా గొంతు పక్క బడి పిల్లలక్కూడా పాఠం చెప్పేది.

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. మా మనవరాలు తెచ్చిన నల్లరంగు వింత రంగు. మెరిసే ఇనుముని పట్టుకోదట, తుప్పు పట్టి గరుకెక్కినదాన్నయితే వదలదట. తాతయ్య ఉంటే దానికి బొట్టు పెట్టేవాడు. పైగా గాలిలో తేమ తాగి గట్టిపడుతుందట. ఈ ఊళ్లో దానికి దాహమన్న బెంగే లేదు. పల్చగా వెయ్యాలి, చేతికి తొడుగులు వేసుకోవాలి, డబ్బా అంచుకి అంటితే మూత ఇక ఈ జన్మకి రాదు. ఇన్ని జాగ్రత్తలు చెప్పి, ఆఫీసు నుంచి ఫోనొస్తే అది లోపలికి వెళ్లింది. తినేసి కూర్చోవడం మా వంశంలో లేదు కదా. నేను కుంచె అందుకున్నాను. తొడుగులు చిన్నపిల్లలకి కాబోలు అనుకుని, కళ్లజోడు నుదుటి మీదే ఉంచుకుని, తలుపు కింది అంచులకి దోసెకి నూనె పోసినంత ధారాళంగా పట్టించేశాను. నాలుగు తలుపులూ. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుంటే ముచ్చటేసింది. వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను.

అది తిరిగొచ్చి వంగింది. తలుపు అంచు కింద చూస్తూ ఒకచోట ఆగింది. దాని నోరు తెరుచుకోవడం, మళ్లీ మూసుకోవడం నేను చూశాను. వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"అమ్మమ్మా, వాన పడితే డోర్ లోపలికి నీళ్లు దిగుతాయి కదా. అవి ఎటు పోతాయంటావ్?"

నాకు ఒక్క క్షణం కంచరపాలెం గూడ్సు చెవుల్లోంచి దడదడా పోయింది. ఈ కథ నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకో ఈ ఒక్క సరుకునీ గూడ్సు బండి ఎక్కడా దించలేదు. మరి దీనికి ఎవరు నేర్పారు? ఆ రాత్రికి గానీ తట్టలేదు. చిన్నప్పుడు ఒకసారి నీళ్లు పొయ్యకుండా కుక్కరు పొయ్యి మీద పెట్టి, వంటిల్లు పొగచేసి, తలుపు వెనక దాక్కుంటే, నేను వెళ్లి దాని పక్కన కూర్చుని, "ఆవిరి దేన్నుంచి వస్తుందంటావే?" అని అడిగాను. అంతే. నేను మర్చిపోయాను. అది దాచుకుంది.

నాకు జవాబు తెలుసని దానికి తెలుసో లేదో. నేను మాత్రం తాతయ్య ఆగినంతసేపూ ఆగి, బాగా ఆలోచించినట్టు మొహం పెట్టి, "అవునే, కింద దారి ఉండాల గదా! లోపల చీపురుంది, నాలుగు పుల్లలు విరుచుకు రా" అన్నాను. రంగు ఇంకా పచ్చిగానే ఉంది. ఇద్దరం నేల మీద చతికిలబడి ఒక్కో కన్నం తెరిచి ఒక్కో పుల్ల నిలబెట్టాం. అరవై ఏళ్లు దాటిన కారుకి మళ్లీ గడ్డం వచ్చింది.

నా అరచేతికి అంటిన నల్లరంగు సబ్బుకీ కిరసనాయిలుకీ కూడా లొంగలేదు. దానంతట అదే అరిగిపోవాలట. రోజురోజుకీ పల్చబడుతోంది, ఇంకో వారానికి పోతుంది. నా చిన్నప్పుడు ఆ వాన వెలిసిన పొద్దున్న అంటుకున్నది మాత్రం పోలేదు. ఎవరి తప్పయినా కంటబడితే, నోరు తెరుచుకునే లోపే నా వేళ్లు ఇప్పటికీ ఒక చీపురు పుల్ల కోసం తడుముకుంటాయి.